చిన్న జి, పెద్ద జి: లెక్కలో ఏది ఎక్కడ వాడాలి

చిన్న జి (g) అంటే గురుత్వ త్వరణం, పెద్ద జి (G) అంటే విశ్వ గురుత్వ స్థిరాంకం. తొమ్మిదో తరగతి గురుత్వాకర్షణ పాఠంలో మొదలయ్యే ఈ రెండింటి గందరగోళం ఇంటర్ ఫస్టియర్‌కి వచ్చినా చాలామందిని వదలదు, పరీక్ష హాల్లో టెన్షన్‌గా ఉన్నప్పుడు మరీ బయటపడుతుంది. 9.8 వేయాల్సిన చోట 6.67 వేసేస్తారు, గ్రహం మారితే పెద్ద జి కూడా మారుతుందని రాస్తారు, చంద్రుడి మీద మన ద్రవ్యరాశి ఆరో వంతు అయిపోతుందంటారు. సూత్రాలు రాక కాదు. ఒకే పాఠంలో, ఒకే అక్షరంతో, రెండు విలువలు పక్కపక్కనే బట్టీ పట్టించడం వల్ల వచ్చే తిప్పలు ఇవి. వీటిని వేరు చేయడానికి బట్టీ అక్కర్లేదు, ఒక్క ప్రశ్న చాలు.

లెక్కలో జి కనబడగానే "ఎక్కడ?" అని అడగండి. భూమ్మీదా, చంద్రుడి మీదా, 400 కిలోమీటర్ల ఎత్తులోనా, గని అడుగునా? ఆ ప్రశ్నకి అర్థం ఉంటే అది చిన్న జి. ఆ ప్రశ్న అడగడంలోనే అర్థం లేకపోతే అది పెద్ద జి. చిన్న జికి ఎప్పుడూ ఒక చోటు ఉంటుంది, చోటు చెప్పకుండా దాని విలువ చెప్పలేం. "9.8" అని మనం అలవాటుగా అనేస్తాం గానీ దాని వెనక "భూమి ఉపరితలం మీద" అన్న మాట దాగి ఉంటుంది. పెద్ద జికి చోటుతో పని లేదు, శని గ్రహం దగ్గరైనా మీ ఇంటి డాబా మీదైనా అదే విలువ.

ముందు యూనిట్ల సంగతి

చిన్న జి అంటే గురుత్వ త్వరణం. ఒక వస్తువుని ఏ అడ్డూ లేకుండా వదిలేస్తే సెకను సెకనుకీ దాని వేగం ఎంత పెరుగుతుందో చెప్పే సంఖ్య అది. భూమి ఉపరితలం మీద దాదాపు 9.8 మీ/సె². వదిలిన ఒక సెకనుకి వేగం 9.8 మీ/సె, రెండు సెకన్లకి 19.6, మూడు సెకన్లకి 29.4 (గాలి నిరోధాన్ని పక్కన పెడితే). త్వరణం కాబట్టి దీనికి దిశ ఉంటుంది, మన విషయంలో అది సుమారుగా భూమి కేంద్రం వైపు. ఇది సదిశ రాశి.

పెద్ద జి అంటే విశ్వ గురుత్వ స్థిరాంకం. విలువ 6.674 × 10⁻¹¹ న్యూటన్·మీటర్²/కేజీ². దిశ లేదు, అదిశ రాశి. ఈ పొడుగాటి యూనిట్‌ని చూసి భయపడేవాళ్లు దాన్ని ఒక్కసారి విప్పి చూస్తే చాలు. ఒక్కో కిలో ఉన్న రెండు చిన్న గోళాలని కేంద్రాల మధ్య ఒక మీటరు దూరం ఉండేలా పెడితే అవి ఒకదాన్నొకటి 6.674 × 10⁻¹¹ న్యూటన్ల బలంతో లాక్కుంటాయి, అంతే. యూనిట్ మర్చిపోయినా సూత్రం నుంచి తిరిగి రాబట్టుకోవచ్చు: బలాన్ని దూరం వర్గంతో గుణించి, రెండు ద్రవ్యరాశుల లబ్ధంతో భాగిస్తే పెద్ద జి వస్తుంది, కాబట్టి యూనిట్లూ అదే వరుసలో వస్తాయి.

10⁻¹¹ అంటే ఎంత చిన్నదో ఒక లెక్క చేస్తేనే తెలుస్తుంది. 60 కిలోల మనుషులు ఇద్దరు మీటరు దూరంలో నిలబడ్డారనుకోండి, ఇద్దర్నీ గోళాల్లా తీసుకుని ఉజ్జాయింపుగా లెక్కేస్తే వాళ్ల మధ్య ఆకర్షణ 6.674 × 10⁻¹¹ × 60 × 60, అంటే 2.4 × 10⁻⁷ న్యూటన్లు. అదే మనిషిని భూమి లాగే బలం 60 × 9.8 = 588 న్యూటన్లు. రెండోది మొదటిదానికి సుమారు 245 కోట్ల రెట్లు. సూత్రం రెండు చోట్లా ఒకటే, పెద్ద జి కూడా ఒకటే. తేడా అంతా భూమి ద్రవ్యరాశి తెచ్చిందే.

జవాబు వచ్చాక ఒకసారి యూనిట్ సరిచూసుకోవడం అలవాటు చేసుకోండి. త్వరణం అడిగిన లెక్కలో మీకు కేజీలు మిగిలిపోయాయంటే ఎక్కడో పెద్ద జిని ఒంటరిగా వదిలేశారన్నమాట. ఇంకో సంగతి, చిన్న జిని న్యూటన్/కేజీ అని కూడా రాయొచ్చు, మీ/సె²కి అది సమానమే. "ఈ చోట ఒక్కో కిలోని ఎంత బలంతో లాగుతున్నారు" అని ఆలోచించడానికి ఆ రెండో యూనిట్ బాగా పనికొస్తుంది, నా మటుకు నాకు అదే ఎక్కువ ఇష్టం.

రెండింటినీ కలిపే సూత్రం

న్యూటన్ 1687లో ప్రచురించిన నియమం ప్రకారం:

బలం = పెద్ద జి × ఒకదాని ద్రవ్యరాశి × రెండోదాని ద్రవ్యరాశి ÷ దూరం²

ఇందులో ఒకటి భూమి, రెండోది మీ చేతిలోంచి జారిపడిన కొబ్బరికాయ అనుకోండి. కొబ్బరికాయ మీద పనిచేసే బలం ఇదే. న్యూటన్ రెండో గమన నియమం ప్రకారం అదే బలం కొబ్బరికాయ ద్రవ్యరాశి × దాని త్వరణం. రెండింటినీ సమానం చేయండి. కొబ్బరికాయ ద్రవ్యరాశి రెండు వైపులా ఉంది, కొట్టేయండి. మిగిలింది:

చిన్న జి = పెద్ద జి × భూమి ద్రవ్యరాశి ÷ భూమి కేంద్రం నుంచి దూరం²

మొత్తం పాఠంలో నిజంగా గుర్తుపెట్టుకోవాల్సిన సమీకరణం ఇదొక్కటే, మిగతావన్నీ దీనిలోంచి పుట్టేవే. ఎడమ పక్కన ఉన్న చిన్న జి ఫలితం. కుడి పక్కన పెద్ద జి ఎప్పటికీ మారని సంఖ్య, దాని పక్కన ఉన్న ద్రవ్యరాశి, దూరం మారేవి. పెద్ద జి రేటు లాంటిది, చిన్న జి బిల్లు లాంటిది: రేటు అందరికీ ఒకటే, ఎంత సరుకు తీసుకున్నారన్నదాన్ని బట్టి బిల్లు మారుతుంది.

కొబ్బరికాయ ద్రవ్యరాశి కొట్టేశాం కదా, అందుకే బరువైనదీ తేలికైనదీ ఒకే త్వరణంతో పడతాయి. గాలి లేని చంద్రుడి మీద 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ ఒక సుత్తినీ ఒక ఈకనీ ఒకేసారి వదిలి కెమెరా ముందు చూపించాడు, రెండూ కలిసే నేలకి తాకాయి. మరి భూమి బరువైనదాన్ని ఎక్కువ బలంతో లాగదా అంటే, లాగుతుంది. కానీ దాన్ని కదిలించడానికీ అంతే ఎక్కువ బలం కావాలి. ఈ వాక్యం అర్థమైతే పాఠంలో సగం అర్థమైనట్టే.

ఇప్పుడు పుస్తకం చెప్పిన 9.8ని నమ్మకుండా మీరే రాబట్టండి. కాగితం తీసుకుని చేయండి, చదివి వదిలేస్తే ఉపయోగం లేదు.

భూమి ద్రవ్యరాశి 5.972 × 10²⁴ కేజీలు. సగటు వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు, అంటే 6.371 × 10⁶ మీటర్లు. ముందు పై లెక్క: 6.674 × 5.972 = 39.86. పది ఘాతాలు −11, 24 కలిపితే 13. కాబట్టి 39.86 × 10¹³. కింద లెక్క: 6.371 వర్గం 40.59, ఘాతం 6 రెట్టింపై 12 అవుతుంది, అంటే 40.59 × 10¹², అదే 4.059 × 10¹³. రెండింటిలోనూ 10¹³ పోయింది, 39.86 ÷ 4.059 = 9.82.

ఇక్కడ తప్పులు దాదాపుగా రెండే చోట్ల జరుగుతాయి. కిలోమీటర్లని మీటర్లలోకి మార్చకపోతే జవాబు పది లక్షల రెట్లు ఎక్కువొస్తుంది, ఎందుకంటే వెయ్యిని వర్గం చేశారు. రెండోది, 6.371కి వర్గం వేసి 10⁶కి వేయడం మర్చిపోవడం. జవాబు ఎంత వింతగా ఉన్నా అలాగే రాసి వచ్చేసేవాళ్లు ఉంటారు, దయచేసి అలా చేయకండి. భూమ్మీద త్వరణం 10కి అటూఇటూ రావాలని మీకు ముందే తెలుసు కదా, అది చేతిలో ఉన్న గొప్ప ఆయుధం.

9.81 రావాల్సింది 9.82 వచ్చిందేంటి అనిపిస్తే మంచి అనుమానమే. మనం భూమిని తిరగని, నున్నటి గోళంగా తీసుకుని లెక్క చేశాం. నిజం భూమి తిరుగుతోంది, నడుము దగ్గర ఉబ్బి ఉంది.

ఊరు మారితే చిన్న జి మారుతుంది

1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పారిస్ నుంచి దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్న కయెన్‌కి వెళ్లాడు. పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలక గడియారం అక్కడ రోజుకి దాదాపు రెండున్నర నిమిషాలు వెనకబడటం గమనించాడు. లోలకం నెమ్మదించిందంటే అక్కడ చిన్న జి తక్కువన్నమాట. న్యూటన్ దీన్నే పట్టుకుని భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుని, మధ్యలో ఉబ్బి ఉండాలని వాదించాడు.

ఆ వాదన నిజమే. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. చిన్న జి భూమధ్యరేఖ దగ్గర సముద్ర మట్టంలో 9.780, ధ్రువాల దగ్గర 9.832. ఈ 0.052 తేడాలో ఎక్కువ భాగం, సుమారు 0.034, భూమి భ్రమణం వల్ల వచ్చింది, మిగతాది ఆకారం వల్ల. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, సముద్ర మట్టానికి 500 మీటర్లకి పైన ఉంది, అక్కడ విలువ 9.78. విశాఖలో కూడా దాదాపు అంతే. మనం పుస్తకాల్లో చూసే 9.81 యూరప్ అక్షాంశాలకి సరిపోయే సంఖ్య. 1901లో తూనికలు కొలతల అంతర్జాతీయ సమావేశం 9.80665ని ప్రామాణిక విలువగా పెట్టుకుంది, అందరూ ఒకే సంఖ్యతో లెక్కలు చేసుకోవడానికి చేసుకున్న ఒప్పందం అది, ప్రకృతి ఇచ్చిన సంఖ్య కాదు. పెద్ద జి విషయంలో అలాంటి ఒప్పందం ఎవరూ చేసుకోలేదు, దాన్ని కొలిచి తెలుసుకోవాల్సిందే.

ఈ తేడాలు చిన్నవే అని కొట్టిపారేయకండి. స్ప్రింగ్ త్రాసు, ఎలక్ట్రానిక్ త్రాసు కొలిచేది బలాన్ని, కేజీలని కాదు. ధ్రువం దగ్గర సరిచేసిన ఎలక్ట్రానిక్ త్రాసుని అలాగే హైదరాబాద్ తెచ్చి 100 గ్రాముల బంగారం పెడితే అది సుమారు 99.5 గ్రాములే చూపిస్తుంది. బంగారం ఎక్కడికీ పోలేదు, చిన్న జి మారింది. అందుకే ఖచ్చితమైన త్రాసుల్ని వాడే చోటే ప్రామాణిక తూకపు రాళ్లతో సరిచేస్తారు. రెండు పళ్లేల త్రాసుకి మాత్రం ఈ సమస్య లేదు, రెండు పక్కలా ఒకే చిన్న జి పనిచేస్తుంది కాబట్టి అది చంద్రుడి మీద కూడా సరిగ్గానే తూస్తుంది.

మన దేశంలో ఈ కొలతలకి పెద్ద చరిత్రే ఉంది. బ్రిటిష్ కాలంలో దేశాన్ని కొలిచి పటాలు గీసిన గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే తరఫున కెప్టెన్ జేమ్స్ బసెవీ 1865 నుంచి దేశమంతా తిరిగి లోలకాలు ఊపి చిన్న జిని కొలిచాడు. దక్షిణాది మైదానాల నుంచి హిమాలయాల దాకా వెళ్లాడు, చివరికి 1871లో లడఖ్ ఎత్తుల్లో ఆ పని మీద ఉండగానే చనిపోయాడు. ఇప్పుడు హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అందరూ ఎన్‌జీఆర్‌ఐ అంటారు, 1961లో మొదలైంది, దేశపు గురుత్వ పటాలు తయారుచేసిన సంస్థల్లో ముఖ్యమైనది. నేల కింద బరువైన రాయి ఉంటే అక్కడ చిన్న జి వెంట్రుకవాసి పెరుగుతుంది, తేలికైన అవక్షేపాలు ఉంటే తగ్గుతుంది. ఈ తేడాలు మీ/సె²లో లక్షో వంతు స్థాయిలో ఉంటాయి కాబట్టి మిల్లీగాల్ అనే యూనిట్ వాడతారు, ఒక మిల్లీగాల్ అంటే 10⁻⁵ మీ/సె². చిన్న జిని కొలిచే గ్రావిమీటర్ అనే పరికరంతో వాటిని పట్టుకుని చమురు, ఖనిజాలు వెతుకుతారు. చిన్న జి చోటుని బట్టి మారకపోతే ఈ వృత్తే ఉండేది కాదు.

ఎత్తు, లోతు: మార్కులు పోయే చోటు

సూత్రంలో దూరం అంటే కేంద్రం నుంచి దూరం. నేల నుంచి ఎత్తు కాదు. లెక్కలో "400 కిలోమీటర్ల ఎత్తులో" అని ఇస్తే 6,371 + 400 = 6,771 కిలోమీటర్లు వేయాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దాదాపు ఆ ఎత్తులోనే తిరుగుతుంది, లెక్క చేస్తే అక్కడ చిన్న జి 8.69 వస్తుంది. సున్నా కాదు, భూమ్మీద ఉన్నదానిలో 88 శాతానికి పైనే! వ్యోమగాములు తేలేది గురుత్వాకర్షణ లేక కాదు, అంతరిక్ష కేంద్రమూ వాళ్లూ కలిసి ఒకే త్వరణంతో భూమి చుట్టూ పడుతూ ఉన్నారు కాబట్టి. "అంతరిక్షంలో చిన్న జి సున్నా" అన్న వాక్యం నోట్సుల్లో కనబడితే కొట్టేయండి.

తక్కువ ఎత్తులకి పుస్తకంలో ఒక చిట్కా సూత్రం ఉంటుంది: ఎత్తుని వ్యాసార్థంతో భాగించి, రెండుతో గుణించి, ఒకటిలోంచి తీసేసి, దాన్ని 9.8తో గుణించమంటారు. ఎవరెస్ట్ ఎత్తు దాకా ఇది భేషుగ్గా పనిచేస్తుంది. కానీ ఎత్తు భూమి వ్యాసార్థానికి సమానం అన్నప్పుడు కూడా దీన్నే వాడితే చిన్న జి రుణాత్మకం వచ్చేస్తుంది, అంటే వస్తువు పైకి పడాలి! అప్పుడు అసలు సూత్రానికి వెళ్లండి: దూరం రెట్టింపైంది, వర్గం నాలుగు రెట్లైంది, చిన్న జి నాలుగో వంతైంది, 2.45. నా సలహా ఏంటంటే ఎత్తు వ్యాసార్థంలో నూరో వంతు దాటితే, అంటే 64 కిలోమీటర్లు దాటితే, చిట్కా జోలికి వెళ్లకుండా అసలు సూత్రమే వాడండి.

లోతుకి వెళ్తే సాంద్రత అంతటా ఒకటే అనుకుంటే చిన్న జి సమంగా తగ్గుతూ కేంద్రం దగ్గర సున్నా అవుతుంది. పరీక్షకి అది రాయండి. నిజమైన భూమిలో మాత్రం కోర్, అంటే నడిమధ్య భాగం, చాలా బరువైనది కాబట్టి లోపలికి దిగుతుంటే చిన్న జి వెంటనే తగ్గదు, సుమారు 2,890 కిలోమీటర్ల లోతులో కోర్ మొదలయ్యే చోట దాదాపు 10.7 దాకా పెరిగి, ఆ తర్వాతే సున్నా వైపు దిగుతుంది. ఇది నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యమే.

పెద్ద జిని ఎలా పట్టుకున్నారు

చిన్న జి కొలవడం తేలిక, దారంతో చేసిన లోలకం చాలు. పెద్ద జి కోసం మాత్రం మీ ప్రయోగంలో ఉన్న రెండు వస్తువుల మధ్య ఆకర్షణనే కొలవాలి, అదేమో ఇందాక చూసినట్టు భూమి లాగే బలం ముందు ఎందుకూ కొరగానంత చిన్నది. లండన్‌లో హెన్రీ కావెండిష్ 1797-98లో చేసిన ప్రయోగం అందుకే అంత గొప్పది. ఆ పరికరాన్ని ముందు ఆలోచించింది జాన్ మిచెల్, ఆయన చనిపోయాక అది కావెండిష్ చేతికి వచ్చింది. ఆరడుగుల కడ్డీకి రెండు చివరలా ముప్పావు కిలోకి కాస్త తక్కువ ఉన్న సీసం గుండ్లు, కడ్డీని మధ్యలో సన్నని తీగతో వేలాడదీశారు. వాటి పక్కకి ఒక్కొక్కటి 158 కిలోల పెద్ద సీసం గుండ్లని తెచ్చారు. చిన్న గుండ్లు పెద్దవాటి వైపు కదిలి తీగ కొద్దిగా మెలిపడుతుంది, ఆ మెలికని బట్టి బలం. గాలి కదిలినా, మనిషి ఒంటి వేడి తగిలినా కొలత పాడవుతుందని పరికరాన్ని గదిలో మూసేసి, గోడ బయట నుంచి టెలిస్కోపుతో చూశాడాయన.

ఆయన కోరుకున్నది పెద్ద జి కాదు, భూమి సాంద్రత. నీటికి 5.48 రెట్లు అని తేల్చాడు, నేటి విలువ 5.51. ఆ ఫలితం నుంచి పెద్ద జిని మనం లెక్కగడితే ఇప్పటి విలువకి ఒక శాతం అటూఇటూలో వస్తుంది. పరీక్షలో "పెద్ద జిని మొదట కొలిచింది కావెండిష్" అని రాస్తే మార్కు వస్తుంది, రాయండి, కానీ అసలు సంగతి ఇది.

పెద్ద జి తెలిశాక ఇందాకటి సమీకరణాన్ని తిప్పి రాస్తే భూమిని తూచినట్టే: భూమి ద్రవ్యరాశి = చిన్న జి × వ్యాసార్థం² ÷ పెద్ద జి. 9.8 × 4.06 × 10¹³ ÷ (6.674 × 10⁻¹¹) వేసి చూడండి, 5.96 × 10²⁴ కేజీలు వస్తుంది.

రెండు శతాబ్దాలు దాటినా పెద్ద జి కొలతలు ఇంకా మొండికేస్తూనే ఉన్నాయి. 2018 నాటి అంతర్జాతీయ సిఫార్సు విలువ 6.67430 × 10⁻¹¹, అందులో చివరి రెండు అంకెల్లో 15 దాకా అనిశ్చితి. అదే సంవత్సరం చైనాలో ఒకే బృందం రెండు వేర్వేరు పద్ధతుల్లో చాలా జాగ్రత్తగా కొలిస్తే ఒకటి 6.674184, ఇంకోటి 6.674484 వచ్చాయి, రెండూ నాలుగో దశాంశ స్థానానికే విడిపోయాయి. గురుత్వాకర్షణకి అడ్డుగోడ కట్టలేం, చుట్టూ ఉన్న ప్రతి గోడా, కొండా, మనిషీ కూడా లాగుతూనే ఉంటారు.

ఇక్కడే లెక్కలకి పనికొచ్చే సంగతి ఒకటుంది. పెద్ద జి విడిగా, భూమి ద్రవ్యరాశి విడిగా మనకి నాలుగైదు అంకెల దాకానే గట్టిగా తెలుసు, కానీ రెండింటి లబ్ధం ఉపగ్రహాల కదలికల నుంచి ఎంతో ఖచ్చితంగా తెలుసు: 3.986004418 × 10¹⁴. ఉపగ్రహ కక్ష్యలు లెక్కగట్టేవాళ్లు వాడేది ఈ లబ్ధాన్నే. మీరూ అదే చేయొచ్చు. లెక్కలో భూమి ద్రవ్యరాశి ఇవ్వకపోతే కంగారు పడకండి, "పెద్ద జి × భూమి ద్రవ్యరాశి" ఉన్న ప్రతి చోటా "చిన్న జి × వ్యాసార్థం²" పెట్టేయండి. అలా పెడితే నేలకి దగ్గరగా తిరిగే ఉపగ్రహ వేగం, చిన్న జి × వ్యాసార్థానికి వర్గమూలం అవుతుంది: 9.8 × 6.37 × 10⁶కి వర్గమూలం, 7.9 కిమీ/సె. లోపల రెండుతో గుణించి వర్గమూలం తీస్తే పలాయన వేగం, అంటే భూమి ఆకర్షణని దాటి వెళ్లిపోవడానికి కావాల్సిన వేగం, 11.2 కిమీ/సె. పెద్ద జి అసలు ముట్టుకోకుండానే పని అయిపోయింది.

చిన్న జిని ఇంట్లో కొలవండి

ఒక సన్నని దారం, ఒక బరువైన ఇనప నట్టు, ఫోన్‌లో స్టాప్‌వాచ్. గుమ్మం పైన మేకుకి దారం కట్టండి. మేకు దగ్గర దారం ఊగే బిందువు నుంచి నట్టు మధ్య భాగం దాకా సరిగ్గా ఒక మీటరు ఉండాలి, నట్టు పై అంచు దాకా కొలిస్తే తప్పు. ఫ్యాన్ ఆపేయండి. కొద్దిగా పక్కకి లాగి వదలండి, నిలువు నుంచి పది డిగ్రీలు దాటకూడదు, అంటే మీటరు దారానికి పదిహేడు సెంటీమీటర్ల లోపే. నట్టు మధ్యలో నుంచి వెళ్లేటప్పుడు స్టాప్‌వాచ్ నొక్కి "సున్నా" అనండి, "ఒకటి" అని మొదలుపెడితే ఒక డోలనం తక్కువవుతుంది, ఎక్కువమంది లెక్క తప్పేది అక్కడే. అదే దిక్కులో మళ్లీ మధ్యలోకి వచ్చినప్పుడు ఒకటి. ఇరవై దాకా లెక్కపెట్టండి.

ఇరవై డోలనాలకి 40.2 సెకన్లు పట్టిందనుకోండి. ఒక డోలనానికి 2.01 సెకన్లు, వర్గం 4.04. చిన్న జి = 4 × π² × పొడవు ÷ కాలం², అంటే 39.48 ÷ 4.04 = 9.77. ఇంట్లో చేసినదానికి ఇది చాలా మంచి ఫలితం. కాలానికి వర్గం ఉంది కాబట్టి సమయంలో ఒక శాతం తప్పు జవాబులో రెండు శాతం అవుతుంది, ఇరవై డోలనాలు తీసుకోమనేది అందుకే. ఓపికుంటే 40, 60, 80, 100 సెంటీమీటర్లతో చేసి, పొడవుని నిలువు అక్షం మీదా కాలం వర్గాన్ని అడ్డం మీదా పెట్టి గ్రాఫ్ గీయండి, ఆ గీత వాలుని 39.48తో గుణిస్తే చిన్న జి. పొడవు కొలవడంలో ప్రతిసారీ ఒకేలా జరిగే తప్పు ఈ పద్ధతిలో కొట్టుకుపోతుంది.

రాయి కింద పడేసి టైమ్ చూడటం మాత్రం వద్దు. రెండు మీటర్ల నుంచి పడటానికి 0.64 సెకన్లే పడుతుంది, మీ వేలు బటన్ నొక్కడానికి పట్టే ఆలస్యమే దాంట్లో పెద్ద భాగం తినేస్తుంది.

నిష్పత్తి లెక్కలు

పరీక్షల్లో ఎక్కువగా వచ్చేవి ఇవే, వీటిలో 6.674 గానీ 10⁻¹¹ గానీ రాయాల్సిన అవసరమే ఉండదు. పెద్ద జి రెండు గ్రహాలకీ ఒకటే కాబట్టి నిష్పత్తిలో పోతుంది. ద్రవ్యరాశి ఎన్ని రెట్లో దాన్ని, వ్యాసార్థం ఎన్ని రెట్లో దాని వర్గంతో భాగించి, 9.8తో గుణించండి. ద్రవ్యరాశి రెట్టింపు, వ్యాసార్థం రెట్టింపు అయితే 2 ÷ 4, సగం, 4.9. చంద్రుడి ద్రవ్యరాశి భూమిలో 0.0123, వ్యాసార్థం 0.273, జవాబు 1.62. అక్కడ 50 కిలోల మనిషి ద్రవ్యరాశి 50 కిలోలే, భారం మాత్రం 490 న్యూటన్ల నుంచి 81 న్యూటన్లకి తగ్గుతుంది. అంగారకుడికి 0.107, 0.532 వేస్తే 3.7.

"ద్రవ్యరాశి మారకుండా భూమి వ్యాసార్థం ఒక శాతం తగ్గితే?" అని అడిగితే చిన్న జి సుమారు రెండు శాతం పెరుగుతుంది, పెద్ద జి అలాగే ఉంటుంది. ద్రవ్యరాశి బదులు సాంద్రత ఇస్తే చిన్న జి సాంద్రత × వ్యాసార్థానికి అనులోమానుపాతంలో ఉంటుంది, వర్గం ఉండదు, చూసుకోండి. "పెద్ద జి రెట్టింపైతే" అన్న ఊహా ప్రశ్న వస్తే చిన్న జి కూడా రెట్టింపే, కానీ చిన్న జి రెట్టింపైన చోటల్లా పెద్ద జి మారిందని తిప్పి రాయకూడదు.

శని గ్రహంతో ఒకసారి సాధన చేయండి. ద్రవ్యరాశి భూమికి 95 రెట్లు, భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్థం 9.45 రెట్లు. చాలామంది చేయకముందే వందల్లో ఉంటుందనుకుంటారు. 9.45 వర్గం 89.3, 95 ÷ 89.3 = 1.06, చిన్న జి సుమారు 10.4. భ్రమణాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, అంత పెద్ద గ్రహం మేఘాల అంచున ఒక్కో కిలోని లాగే బలం మన నేల మీద ఉన్నదానికి ఆరు శాతమే ఎక్కువ.